జొలాఫ్ ముద్దైతే, ఫుఫు చల్లారితే: పశ్చిమాఫ్రికా హోటళ్ల భోజనంపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నైజీరియా, ఘనా, సెనెగల్ వంటలు వడ్డించే చిన్న హోటళ్ల గురించే. పక్కపక్కన పెట్టి చదివితే అందరూ ఒకే రకం చోట తిన్నారా అని అనుమానం వస్తుంది. ఒకరు లొట్టలేసుకుంటూ తిన్న ఎగూసి సూప్ (పుచ్చగింజల పొడితో చేసేది) ఇంకొకరికి ఒట్టి జిడ్డు. ఈ ఫిర్యాదుల్లో కొన్ని వంటింటి నిర్లక్ష్యం వల్ల వచ్చినవి. కొన్ని చోట్ల మాత్రం ఆ వంటకం తీరే అంత, వంటవాళ్లను అనడానికి లేదు. రెంటినీ విడదీసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నైజీరియా హోటల్లో జొలాఫ్ రైస్ మొదటిసారి పలుకుపలుకుగా, కాస్త పొగ వాసనతో అద్భుతంగా ఉంది. రెండోసారి ముద్దగా, పుల్లగా ఉంది. అడిగితే "జొలాఫ్ ఇలాగే ఉంటుంది" అన్నారు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మొద్దు. మొదటిసారి మీరు తిన్నదే జొలాఫ్. నైజీరియాలో దీన్ని పొడవు గింజ పారాబాయిల్డ్ (ఉప్పుడు) బియ్యంతో వండుతారు. ఆ బియ్యం అంత తేలిగ్గా చితకదు. అది కూడా ముద్దైందంటే ద్రవం ఎక్కువ పోసినట్టే, లేదంటే పొద్దున వండింది సాయంత్రం దాకా ఆవిరి పెట్టెలో నానినట్టు. పులుపుకు కారణం వేరే. టమాటా, ఎర్ర క్యాప్సికమ్, ఉల్లి, స్కాచ్ బానెట్ మిరప కలిపి రుబ్బిన ముద్దను నూనె పైకి తేలేదాకా వేయించాలి. తొందరపడి ముందే బియ్యం పోసేస్తే టమాటా పచ్చివాసన, పులుపు అలాగే ఉండిపోతాయి.

పొగ వాసన మాత్రం తప్పు కాదు. పెళ్లిళ్లలో కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నెల్లో వండేటప్పుడు అడుగు కాస్త మాడి వచ్చే వాసన అది. దాని కోసమే "పార్టీ జొలాఫ్" అడిగి తినేవాళ్లున్నారు. పొగ వాసనతో పాటు చేదు తగిలితే మాత్రం అడుగంటిన గిన్నెను గీకి పెట్టారన్నమాట.

ఇంకో సంగతి. ఘనా హోటల్లో జొలాఫ్ మెత్తగా, సువాసనగా ఉంటే తప్పు పట్టకండి. అక్కడ చాలామంది జాస్మిన్ లాంటి సువాసన బియ్యం వాడతారు. సెనెగల్ హోటల్లో అడిగితే చేప, కూరగాయలతో నూక బియ్యపు చెబుజెన్ వస్తుంది. జొలాఫ్‌కు మూలం అదేనంటారు. దాన్ని 2021లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు. ఎవరి జొలాఫ్ గొప్పదనే తగవు నైజీరియా, ఘనాల వాళ్లకే వదిలేద్దాం, అది ఇప్పట్లో తేలేది కాదు.

ప్రశ్న: చిన్న టేక్‌అవే నడుపుతున్నాను. వారం రోజులు జొలాఫ్‌ను మెచ్చుకుంటారు, శనివారం ఎక్కువ వండితే మాత్రం ముద్దయిందని తిరిగి ఇచ్చేస్తారు. కొలతలన్నీ అవే. ఎక్కడ తేడా వస్తోంది?

జవాబు: "కొలతలన్నీ అవే" అన్నారు చూడండి, తేడా అక్కడే ఉంది. ముందు ఒక కిలోకు లెక్క చూద్దాం.

ఒక కిలో పారాబాయిల్డ్ బియ్యానికి టమాటాలు 600 గ్రాములు, పెద్ద ఎర్ర క్యాప్సికమ్ 4, ఉల్లిపాయలు 2, స్కాచ్ బానెట్ 2 తీసుకుని రుబ్బండి. ఈ ముద్దను నూనె లేకుండా వేరే గిన్నెలో సగమయ్యేదాకా మరిగించండి. నీళ్లు ఇక్కడే పోవాలి. తర్వాత వెడల్పాటి గిన్నెలో 200 మి.లీ. నూనె వేడి చేసి, తరిగిన ఉల్లి వేసి, 150 గ్రాముల టమాటా పేస్టును రంగు ముదిరేదాకా ఐదారు నిమిషాలు వేయించండి. మరిగించి పెట్టిన ముద్ద వేసి మరో ఇరవై నిమిషాలు, నూనె అంచుల్లో విడిపోయేదాకా ఉంచండి. కర్రీ పౌడర్ 2 చెంచాలు, ఎండు థైమ్ 1 చెంచా, బిర్యానీ ఆకులు 3, ఉప్పు వేసి, లీటరుకు కాస్త ఎక్కువగా మాంసం ఉడికించిన రసం పోయండి. తెర్లాక కడిగిన బియ్యం వేసి ఒక్కసారి కలపండి. ద్రవం బియ్యం మట్టానికి దిగగానే మంట పూర్తిగా తగ్గించి, గిన్నె మీద అల్యూమినియం ఫాయిల్ బిగించి, పైన మూత పెట్టి 25 నుంచి 30 నిమిషాలు వదిలేయండి. నడుమ ఒక్కసారి అడుగు నుంచి పైకి తిప్పితే చాలు. చివర్లో చెంచా వెన్న, ఉల్లి, టమాటా చక్రాలు వేసి మూడు నిమిషాలు మంట పెంచితే ఆ పొగ వాసన వస్తుంది.

ఇక శనివారం సంగతి. ఐదు కిలోలకు అన్నీ ఐదింతలు చేస్తే రసం ఎక్కువైపోతుంది. గిన్నె పెద్దదైనంత మాత్రాన ఆవిరిగా పోయే నీరు ఐదింతలు కాదు కదా! రసం పదోవంతు తగ్గించి మొదలుపెట్టండి, చాలకపోతే వేడి రసం చిలకరించవచ్చు. పోసింది మాత్రం వెనక్కి తీయలేరు. రెండోది లోతు. బియ్యం లోతుగా ఉంటే పై బరువుకు అడుగు పొర చితికిపోతుంది, పైపొర పలుకుగా మిగులుతుంది. దాన్ని సరిచేద్దామని మళ్లీ మళ్లీ కలుపుతారు, దాంతో మొత్తం ముద్దవుతుంది. రద్దీ రోజున ఒకే పెద్ద గిన్నె వద్దు. రుబ్బిన ముద్దను ఒకేసారి వేయించుకుని, బియ్యాన్ని తక్కువ లోతున్న ట్రేలలో ఫాయిల్ కప్పి 170 డిగ్రీల ఓవెన్‌లో 45 నిమిషాలు పెట్టండి. అడుగంటదు, అన్ని ట్రేలూ ఒకేలా వస్తాయి. పొగ వాసన మాత్రం రాదు. అది కావాలంటే ఒక గిన్నె పొయ్యి మీద వండి ట్రేలలో కలుపుకోవాలి.

వండాక వేడిగా ఉంచే పెట్టెలో రెండు గంటలు దాటితే రుచి పోతుంది. ఉష్ణోగ్రత బ్రిటన్‌లో 63, అమెరికాలో 57 డిగ్రీలకు తగ్గకూడదని నిబంధన. మిగిలింది పల్చగా పరిచి గంట, గంటన్నరలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం విడుస్తుంది. ఆ విషం తిరిగి వేడి చేసినా పోదు. అన్నం తిన్నాక వాంతులయ్యాయనే ఫిర్యాదు వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ప్రశ్న: ఫుఫు తెప్పించుకున్నాం. ఒక చోట రుచీ పచీ లేదు, ఇంకో చోట పులిసిన వాసన. రెండు చోట్లా సగం వదిలేశాం. అసలు ఎలా ఉండాలి?

జవాబు: రెండూ సరైనవే కావచ్చు. ఘనాలో ఫుఫు అంటే ఉడికించిన కర్రపెండలం, పచ్చి అరటి కలిపి రోట్లో దంచింది. దానికి పెద్దగా రుచి ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. రుచంతా సూప్‌దే. నైజీరియాలో ఫుఫు అంటే కర్రపెండలాన్ని మూడు నాలుగు రోజులు నానబెట్టి పులియబెట్టింది, దాన్నే అక్పు అంటారు. ఆ వాసన దాని సహజ గుణం. ఆ వాసన పడనివాళ్లు దంచిన పెండలం (యామ్ దుంప, కర్రపెండలం కాదు) అడగాలి, నైజీరియాలోని యొరుబా వాళ్లు ఇయాన్ అంటారు. నున్నగా, వాసన లేకుండా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే మంచిది. గారీతో, అంటే పులియబెట్టి వేయించిన కర్రపెండలం రవ్వతో చేసే ఎబా కాస్త పుల్లగా, గరుకుగా ఉంటుంది. ఎండు పెండలం పిండితో చేసే అమలా గోధుమ నలుపు రంగులో ఉంటుంది, ఆ రంగు చూసి మాడిందనుకోకండి.

వంటింటి తప్పులు మరోలా కనిపిస్తాయి. మధ్యలో విరిచి చూడండి. తెల్లటి పొడి ఉండలు కనిపించినా, నాలుకకు పచ్చిపిండి తగిలినా అది సరిగా ఉడకలేదు. ప్లాస్టిక్ పొరలో చుట్టి తేవడం మామూలే, పైన పెచ్చు కట్టకుండా అలా చేస్తారు. కానీ చల్లగా, రబ్బరులా గట్టిగా ఉంటే వెనక్కి పంపండి. గంజి పదార్థం చల్లారితే బిగుసుకుంటుంది, అది మళ్లీ వేడి చేస్తేనే లొంగుతుంది.

తినే పద్ధతి కూడా ముఖ్యమే. చెయ్యి కడుక్కునే నీళ్లు తెచ్చి పెడతారు, కుడిచేత్తోనే తినాలి. గోలీకాయంత ముక్క తుంచి, బొటనవేలితో గుంట చేసి, సూప్ ఎత్తుకుని, పెద్దగా నమలకుండా మింగేయాలి. నైజీరియా ఇంగ్లిష్‌లో వీటన్నిటినీ కలిపి "స్వాలో" అనడం అందుకే. పెద్ద ముద్ద పెట్టుకుని నమిలేవాళ్లే సాధారణంగా సగం వదిలేసేది.

ప్రశ్న: ఒగ్బోనో సూప్ జిగురు జిగురుగా సాగింది. ఎగూసి మీద ఎర్ర నూనె వేలెడు మందాన తేలింది. ఎండుచేప కంపు కూడా. ఇది శుభ్రమైన వంటేనా?

జవాబు: జిగురు కోసమే ఒగ్బోనో వండుతారు. బెండ, జనపనార ఆకుతో చేసే ఎవెడు కూడా అంతే. బాగా సాగితేనే వంటామెకు పేరు. సాగకుండా నీళ్లలా ఉంటే గింజల పొడి పాతదై ఉండాలి, లేదా నీళ్లు ఎక్కువై ఉండాలి. చేతి మీద కారకుండా ఉండాలంటే ముద్దను సూప్‌లో ముంచి ఒక మెలిక తిప్పి, గిన్నె అంచుకు ఆనించి తీగ తెంపుకోవాలి. జిగురు అస్సలు పడనివాళ్లు ఎగూసి గానీ, పాలకూరలాంటి ఆకులతో చేసే ఎఫో రిరో గానీ తెప్పించుకోండి.

నూనె విషయంలో మీ మాటలో కొంత న్యాయముంది. ఎగూసి మీద ఎర్ర పామాయిల్ పలుచని పొరలా తేలడం మామూలే, వేలెడు తేలడం మాత్రం వంటవాళ్ల అజాగ్రత్త. నూనెలో ఇంకొక గుట్టు ఉంది. పామాయిల్ 30, 40 డిగ్రీల మధ్య గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అంగిలికి మైనం పూసినట్టు అతుక్కుంటే ఆ సూప్ నడుమ దాకా వేడెక్కలేదని అర్థం. చిన్న హోటళ్లలో సూపులు పెద్దమొత్తంలో వండి, పొట్లాలుగా ఫ్రీజర్లో పెట్టి, అడిగినప్పుడు మైక్రోవేవ్‌లో వేడి చేస్తారు. దాన్ని తప్పనలేం, సూపులు మరుసటి రోజుకు రుచి పెంచుకుంటాయి కూడా. కలపకుండా వేడి చేయడమే తప్పు. అంచులు కుతకుతలాడుతూ మధ్యలో చల్లగా ఉంటే నిస్సంకోచంగా చెప్పండి, నిమిషంలో సరిచేసి తెస్తారు.

ఎండుచేప వాసన మూడింటి నుంచి వస్తుంది: ఎండురొయ్యల పొడి, పొగబెట్టిన చేప, స్టాక్‌ఫిష్. స్టాక్‌ఫిష్ నార్వేలో చలిగాలికి ఆరబెట్టిన కాడ్ చేప. 1967 నుంచి 1970 దాకా సాగిన నైజీరియా అంతర్యుద్ధంలో సహాయ సామగ్రిగా వచ్చి తూర్పు ప్రాంతపు వంటల్లో మరింత పాతుకుపోయింది. ఆ ఘాటే వాళ్లకు రుచి. ఎగూసిలో అది చెడుగుణమేమీ కాదు. ఎగూసి చేదెక్కితే మాత్రం పుచ్చగింజల పొడి ముక్కిపోయిందని తెలుసుకోండి.

ప్రశ్న: కోడి తోలులా ఉంది, మేకమాంసం చర్మంతో వచ్చింది. పాతది పెట్టారా?

జవాబు: చర్మంతో కాల్చిన మేకమాంసం ఆ వంటల పద్ధతి. "హార్డ్ చికెన్" అని మెనూలో రాస్తే అది గుడ్లు పెట్టడం మానేసిన ముదురు కోడి. ఉల్లి, థైమ్‌తో ఉడికించి తర్వాత వేయిస్తారు. ముదురు కోడి నమలడానికి కష్టమే గానీ రసం ఊరుతుంది, రుచి ఎక్కువ. బ్రాయిలర్‌ను రెండోసారి, మూడోసారి నూనెలో వేస్తే పీచులా పొడిగా విడిపోతుంది. అది పాత సరుకే, తిప్పి పంపొచ్చు. "అసార్టెడ్" అని ఉంటే బోటి, పొన్మో అనే ఆవు చర్మం, గుండె వగైరా వస్తాయి. వద్దనుకుంటే ముందే చెప్పాలి. చాలామంది గొడ్డుమాంసం తినరు కాబట్టి ఇది గుర్తుంచుకోదగ్గ మాట. మెనూలో పేరు ఎగూసే ఉన్నా అందులో వచ్చేది అసార్టెడ్ కావచ్చు.

ప్రశ్న: శాకాహారులం. "వెజిటబుల్ సూప్" అని చూసి తెప్పిస్తే అందులో చేప ముక్కలు. ఏం తినొచ్చు?

జవాబు: అక్కడ వెజిటబుల్ సూప్ అంటే ఆకుకూర ఎక్కువగా వేసిన సూప్, అంతే. మాంసం లేదని కాదు. జొలాఫ్ కూడా సాధారణంగా మాంసం రసంతోనో చికెన్ రుచి గల క్యూబులతోనో వండుతారు. "మాంసం లేకుండా" అని అడిగితే ముక్కలు తీసి ఇస్తారు, రసం మిగిలే ఉంటుంది. అడగాల్సిన ప్రశ్నలు ఇవి: స్టాక్ దేంతో చేశారు, ఎండురొయ్యల పొడి వేశారా, క్యూబు ఏ రుచిది?

నమ్మకంగా తినగలిగేవి తక్కువే, కానీ రుచిలో లోటుండదు. ఘనా వాళ్ల కెలెవెలె: పండిన పెద్ద అరటిని ముక్కలు కోసి అల్లం, మిరప పట్టించి వేయిస్తారు. నైజీరియా డోడో, అంటే పండిన పెద్ద అరటి ముక్కల వేపుడు. వేయించిన పెండలం ముక్కలు కూడా. పొట్టు తీసిన అలసందలు రుబ్బి వేసే అకరా, దాన్నే ఘనాలో కోసే అంటారు. ఐవరీకోస్ట్ వాళ్ల అత్తియెకె, కర్రపెండలం రవ్వను పులియబెట్టి ఆవిరి పట్టింది. జొన్న ఆకు తొడుగులతో ఎర్రగా ఉడికించే అన్నం, అలసందల వాచే కూడా బాగుంటుంది, కాకపోతే పక్కన పెట్టే నల్లటి షిటో కారంలో ఎండుచేప, రొయ్యలు ఉంటాయి. "రెడ్ రెడ్" అనే అలసందల కూర ఎర్ర పామాయిల్‌తో చేస్తారు, చేప లేకుండా వండించుకోవచ్చు, అడిగి తీరాలి. మోయిన్ మోయిన్ చూడ్డానికి అలసందల ఇడ్లీలా అమాయకంగా ఉంటుంది. లోపల గుడ్డు, చేప, ఎండురొయ్య ఏదైనా ఉండొచ్చు. వేయించే నూనె చేపలకూ అదేనా అన్నది కూడా పట్టింపు ఉన్నవాళ్లు అడగాలి.

ప్రశ్న: మా అబ్బాయికి వేరుశనగ అలర్జీ. సూయా (పొడి పట్టించి పుల్లలకు గుచ్చి కాల్చే మాంసం) తప్ప మిగతావి ఇవ్వొచ్చా?

జవాబు: అలర్జీ తీవ్రమైనదైతే సూయా కాల్చే హోటల్‌కే తీసుకెళ్లొద్దని మా సలహా. సూయా మాంసానికి పట్టించే యాజీ పొడిలో ప్రధానమైనది కులికులి, అంటే నూనె తీసిన వేరుశనగ చెక్కను పొడి చేసింది. కాల్చాక మళ్లీ పైన చల్లుతారు. అదే కత్తి, అదే పలక, అదే పట్టకారు మిగతా మాంసానికీ వాడతారు. సెనెగల్, మాలి వాళ్ల మాఫె, గాంబియా డొమోడా, ఘనా గ్రౌండ్‌నట్ సూప్ అన్నీ వేరుశనగ ముద్దతోనే. కొన్నిచోట్ల వేయించే నూనె కూడా వేరుశనగదే. స్వల్ప అలర్జీ అయినా సరే, "పల్లీ వేయలేదు" అన్న ఒక్కమాటతో సరిపెట్టుకోకుండా నూనె, కత్తి, పలక గురించి విడిగా అడగండి. రొయ్యల అలర్జీ ఉన్నవాళ్లకు ఎండురొయ్యల పొడి ఇంతకంటే పెద్ద చిక్కు, అది సూపుల్లో కనిపించకుండా కలిసిపోతుంది.

ప్రశ్న: కారం తక్కువ వేయమన్నా కళ్లనీళ్లు వచ్చాయి. కావాలనే చేస్తారా?

జవాబు: లేదు, తగ్గించే వీలు లేదు. స్కాచ్ బానెట్ మిరప ఘాటును కొలిచే స్కోవిల్ కొలతలో లక్ష నుంచి మూడున్నర లక్షల దాకా ఉంటుంది. హాలపీన్యో మిరప సాధారణంగా 8,000 మించదు. ఆ మిరప పొద్దున్నే మూలముద్దలో కలిసిపోయింది, జొలాఫ్‌లోంచి గానీ సూప్‌లోంచి గానీ మీ కోసం వేరు చేయలేరు. పైన చల్లేవి, పక్కన పెట్టేవి మాత్రం తగ్గించవచ్చు: సూయా మీద యాజీ, షిటో, మిరప సాస్. తక్కువ కారం కావాలంటే సెనెగల్ వాళ్ల యాస్సా తెప్పించండి. నిమ్మరసం, ఆవాల ముద్దలో ఊరిన కోడిని బోలెడు ఉల్లితో వండుతారు, మిరపకాయను విడిగా పెడతారు. మంట పుట్టాక నీళ్లు తాగి లాభం లేదు, మిరప ఘాటు నీళ్లలో కరగదు. పాలు గానీ తియ్యటి డోడో గానీ పనిచేస్తాయి. అల్లం పానీయం జోలికి పోకండి. గోగుపూలతో చేసే జోబో లేదా బిసాప్ చల్లగా ఉంటుంది, దాంట్లోనూ కొన్నిచోట్ల అల్లం దంచి వేస్తారు.

ప్రశ్న: మెనూలో నలభై రకాలు, అడిగితే పన్నెండే ఉన్నాయి. వచ్చేసరికి ముప్పావు గంట. బిల్లు చూస్తే సూప్ వేరు, ఫుఫు వేరు, మాంసం వేరు. మోసమా?

జవాబు: బిల్లు సంగతి మోసం కాదు. నైజీరియా "బుకా" హోటళ్లలో స్వాలో ఇంత, సూప్ ఇంత, మాంసం ముక్కకు ఇంత అని విడిగా లెక్క వేయడం మామూలు. ముక్కలు ఎన్ని కావాలో అడిగినప్పుడు అవి ఉచితం అనుకుని నాలుగు చెప్పేవాళ్లు బిల్లు దగ్గర కంగుతింటారు. ధర విడివిడిగా అడిగి చెప్పించుకోండి.

లేని వంటకాల సంగతి సగం వాళ్ల తప్పే. సూపులు గిన్నె గిన్నెగా వండుతారు, అయిపోతే అయిపోయినట్టే. వాచే ఘనాలో పొద్దున, మధ్యాహ్నం తిండి, సాయంత్రానికి చాలాచోట్ల దొరకదు. ఒమో తువో అనే అన్నపు ముద్దలు ఎక్కువగా ఆదివారం వండుతారు. ఇవన్నీ తెలిసి కూడా మెనూ మార్చకపోవడం, "ఇవాళ ఉన్నవి ఇవి" అని కూర్చోగానే చెప్పకపోవడం బద్ధకం. వెళ్లే ముందు ఫోన్ చేసి "ఈ రోజు ఏ సూపులు ఉన్నాయి" అని ఒక్క మాట అడిగితే సగం చిరాకు తప్పుతుంది.

ఆలస్యానికి వస్తే, ఆర్డరిచ్చాక కాల్చే నిండు తిలాపియా చేపకు అరగంట పడుతుంది. అకరా, సూయా కూడా అప్పటికప్పుడే చేయాలి, లేకపోతే తినలేం. ఫ్రీజర్లోంచి తీసిన సూప్, ఎబా రావడానికి మాత్రం ముప్పావు గంట అక్కర్లేదు. మరిగే నీళ్లలో గారీ పోసి, రెండు నిమిషాలు మూత పెట్టి, కలిపితే ఎబా సిద్ధం. అంతకు మించి ఆలస్యమైతే మీ చీటీ వంటింట్లో ఎక్కడో పడి ఉందన్నమాట, లేచి వెళ్లి అడగండి.

ప్రశ్న: పదిమందిమి వెళ్తున్నాం. అందరికీ కొత్త. ఏం చెప్పాలి?

జవాబు: తలా ఒక సూప్, తలా ఒక స్వాలో చెప్పకండి, సగం మిగిలిపోతుంది. పది మందికి రెండు పెద్ద జొలాఫ్‌లు, ఒక యాస్సా, రెండు ఎగూసి, ఒక గ్రౌండ్‌నట్ సూప్, దంచిన పెండలం నాలుగు, డోడో మూడు పళ్లేలు, సూయా పది పుల్లలు సరిపోతాయి. సూయా మొదట తెప్పించి వేడిగా ఉండగానే పచ్చి ఉల్లితో తినేయండి, చల్లారితే కొవ్వు గడ్డకట్టి పొడి ఊడిపోతుంది. స్వాలోలు సూపులతో పాటే రావాలని చెప్పండి. ముందే వస్తే చల్లారిపోతాయి. ఒగ్బోనో ఒకటే చెప్పి అందరూ రుచి చూడండి. ఒక రోజు ముందు ఫోన్ చేసి చెబితే దంచిన పెండలం పిండితో కాకుండా అసలు దుంపతో చేసి పెట్టే హోటళ్లున్నాయి, అడిగి చూడండి.